గోమారి ఏది? ఆరుద్ర పురుగు ఏది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో మేము కుటుంబాలను దర్శించినప్పుడు, కుక్క చెవిలోనుండి గింజ వంటిది తీసి, "అయ్యగారూ, ఇదేం పురుగు?" అని అడుగుతుంటారు.

కాళ్ళు లెక్కపెట్టండి. ఎనిమిదుంటే గోమారి. ఆరే ఉంటే పేను గాని, గోమారి పిల్ల గాని కావచ్చు. తొలకరిలో తడినేలపై ముఖమల్ గుడ్డలా పాకే ఆరుద్ర పురుగుకు కూడ ఎనిమిదే. గోమారికి అది దూరపు చుట్టమే గాని కుక్కను పట్టదు. పిల్లలారా, దాన్ని చంపకండి!

గోమారిని కాల్చవద్దు, కిరసనాయిలు పోయవద్దు. చిన్న పట్టకారును చర్మానికి ఆనించి పట్టి, నెమ్మదిగా తిన్నగా పైకి లాగండి. ఆడది రాలిపడి గోడ సందుల్లో వేల గ్రుడ్లు పెడుతుంది గనుక కుక్క పడుకొనే చోటు కూడ శుభ్రపరచాలి.

మమ్మును మిక్కిలి భయపెట్టేది వేరొకటి. పత్తికి, శనగకు కొట్టగా మిగిలిన మందును కుక్క ఒంటికి పూయుట. అది నాకి చనిపోతుంది. దాన్ని హత్తుకొనే బిడ్డకూ అపాయమే. పెర్మెత్రిన్ కలిసిన కుక్కల మందు పిల్లి ప్రాణం తీయగలదు.

చిగుళ్ళు పాలిపోయి, తిండి ముట్టక, మూత్రం కాఫీ రంగులో వస్తే గోమారి జ్వరం కావచ్చు. ఆలస్యం చేయక పశువుల ఆసుపత్రికి తీసికొనిపోండి. ప్రొద్దుటూరులో 2008లో స్థాపించిన పశువైద్య కళాశాల కూడ ఉంది. పోయేటప్పుడు ఆ పురుగును మూత బిగించిన సీసాలో వేసి పట్టుకుపోండి.