జాతుల నిర్ధారణ

జాతుల నిర్ధారణ అనగా దగ్గరి సంబంధము గల రెండు జీవసమూహములు ఒకే జాతికి చెందినవా, లేక వేర్వేరు జాతులా అని తేల్చే పద్ధతి. ఇది వర్గీకరణ శాస్త్రములో ముఖ్యమైన భాగము. ఏనుగుకు, ఎలుకకు గల భేదము చూడగానే తెలుస్తుంది. కాని ఒకే పూర్వీకుల నుండి ఇటీవల విడివడిన జీవులు కంటికి ఒకే విధముగా కనిపించవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు ఏ ఒక్క లక్షణముపైనా ఆధారపడక, ఆకారము, సంతానోత్పత్తి, ప్రవర్తన, జన్యువులు మొదలైన వాటి సాక్ష్యమును కలిపి పరిశీలిస్తారు.

జాతి అనగానేమి

వాడుకలో జాతి అనే మాటను అనేక అర్థములలో ఉపయోగిస్తారు. ఒంగోలు జాతి, పుంగనూరు జాతి అని పశువులను పేర్కొనడము అందరికీ తెలిసినదే. ఒంగోలు పశువు భారీగా ఉంటుంది. పుంగనూరు ఆవు చాలా పొట్టిది. అయినను ఈ రెండింటి కలయిక వలన పుట్టిన దూడలు తిరిగి సంతానమును కనగలవు. కనుక శాస్త్రరీత్యా ఇవి ఒకే జాతిలోని రకములు మాత్రమే.

స్వీడన్ దేశస్థుడైన కార్ల్ లిన్నేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు రెండు పదములతో కూడిన శాస్త్రీయ నామములను క్రమబద్ధముగా వాడాడు. ఆ కాలములో జాతులను ప్రధానముగా ఆకారమును బట్టి గుర్తించేవారు. 1942లో ఎర్నస్ట్ మేయర్ మరొక నిర్వచనమునకు ప్రాచుర్యము కల్పించాడు. దీని ప్రకారము ప్రకృతిలో తమలో తాము సంతానోత్పత్తి చేసుకొనుచు, ఇతర సమూహములతో అట్లు కలియని జీవుల సమూహమే జాతి. గుర్రమునకు 64, గాడిదకు 62 క్రోమోజోములు ఉంటాయి. వాటికి పుట్టిన కంచరగాడిదకు 63 ఉంటాయి. అది సాధారణముగా గొడ్డుదే. కావున గుర్రము, గాడిద వేర్వేరు జాతులు.

ఈ నిర్వచనమునకు కూడా పరిమితులు ఉన్నవి. శిలాజములు సంతానోత్పత్తి చేయగలవో లేదో పరీక్షించడము సాధ్యము కాదు. బాక్టీరియాల వంటివి లైంగిక కలయిక లేకుండానే వృద్ధి చెందుతాయి. దూరదూర ప్రాంతములలో నివసించే సమూహములు కలిసే అవకాశమే ఉండదు.

సాక్ష్యములు

* ఆకారము: పరిమాణము, రంగు, ఎముకలు, దంతములు, పూల భాగములు మొదలైన వాటిని కొలిచి, మొదట వర్ణించిన నమూనాతో పోలుస్తారు.
* ప్రవర్తన: పక్షుల పాట, కప్పల అరుపు, మిణుగురుల వెలుగు జతను గుర్తించే సంకేతములు. ఇవి వేరైనచో కలయిక జరగకపోవచ్చును.
* క్రోమోజోములు: వాటి సంఖ్యను, వాటిపై గల అడ్డుపట్టీల అమరికను సూక్ష్మదర్శినితో చూస్తారు.
* డి.ఎన్.ఏ.: 2003లో కెనడాకు చెందిన పాల్ హెబర్ట్ బృందము జంతువుల గుర్తింపునకు మైటోకాండ్రియాలోని ఒక జన్యువు భాగమును ప్రతిపాదించినది. ఇది సాధారణముగా తల్లి నుండి మాత్రమే వస్తుంది కనుక సంకరము జరిగిన చోట తప్పుదారి పట్టించవచ్చును. అందుచేత కేంద్రకములోని జన్యువులను కూడా పరిశీలిస్తారు.

మలేరియా దోమల ఉదాహరణ

ఐరోపాలో మలేరియాను వ్యాపింపజేసే దోమగా పేరుపొందిన అనాఫిలిస్ మాక్యులిపెన్నిస్ కొన్ని ప్రాంతములలో విరివిగా ఉన్నను అక్కడ మలేరియా ఉండేది కాదు. 1926లో ఇటలీకి చెందిన ఫల్లెరోని ఈ దోమల గుడ్లపై గుర్తులు వేర్వేరుగా ఉన్నట్లు చూపాడు. ఒకే జాతి అనుకొన్నది అనేక జాతుల సముదాయమని తరువాతి పరిశోధనలలో తేలినది. వాటిలో కొన్ని ఎక్కువగా పశువులను కుడతాయి.

భారతదేశపు గ్రామీణ ప్రాంతములలో మలేరియాకు ముఖ్య వాహకము అనాఫిలిస్ కులిసిఫేసీస్. దీనిలో రెండు జాతులు ఉన్నట్లు 1980లో క్రోమోజోముల పరిశీలన వలన తెలిసినది. ఇందుకు రక్తము త్రాగిన ఆడదోమ అండాశయములోని పోషక కణములను తీస్తారు. వాటిలోని పెద్ద క్రోమోజోములపై పట్టీల వరుస కొన్ని దోమలలో ఒక చోట తలక్రిందులై ఉంటుంది. ఒకే ఊరిలో ఈ రెండు రకములు స్వేచ్ఛగా కలిసినచో, ఒక క్రోమోజోము ఒక రకముగాను, దాని జత మరొక రకముగాను ఉన్న సంకర దోమలు విరివిగా దొరకవలెను. అట్టివి దొరకకపోవడమే అవి వేర్వేరు జాతులనుటకు ప్రబల సాక్ష్యము. నేడు ఈ సముదాయములో ఎ, బి, సి, డి, ఇ అని 5 జాతులను గుర్తిస్తున్నారు. చూపునకు వీటిలో భేదము తెలియదు. బి జాతి మలేరియాను అంతగా వ్యాపింపజేయదు. ఇ జాతి రామేశ్వరములోను, శ్రీలంకలోను ముఖ్య వాహకము. ఈ భేదమును గమనించక దోమలను లెక్కించినచో, ప్రమాదము లేని చోట మందు చల్లి, ప్రమాదము ఉన్న చోటును విడిచిపెట్టే అవకాశము ఉన్నది.

తేలని హద్దులు

కొన్ని చోట్ల స్పష్టమైన హద్దు గీయడము కష్టము. శీతాకాలములో భారతదేశమునకు వలస వచ్చే గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న పక్షి ఇందుకు ఉదాహరణ. టిబెట్ పీఠభూమి చుట్టూ దీని సమూహములు వలయముగా వ్యాపించి, ఇరుగుపొరుగు సమూహములలో పాట కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. కాని వలయపు రెండు కొసలు కలిసే సైబీరియాలో ఆ పక్షుల పాటలు బాగా భిన్నముగా ఉంటాయి. అవి సాధారణముగా జతకట్టవు. జాతులు ఏర్పడడము నెమ్మదిగా జరిగే క్రియ కావడము వలన ఇటువంటి నడిమి దశలు కనిపిస్తాయి.

ప్రాముఖ్యత

వన్యప్రాణుల సంరక్షణ కూడా ఈ నిర్ధారణపై ఆధారపడి ఉంటుంది. ఆఫ్రికా ఏనుగులను చాలాకాలము ఒకే జాతిగా లెక్కించారు. అడవి ఏనుగులు, గడ్డిమైదానపు ఏనుగులు జన్యుపరముగా బాగా వేరని 2001లో ప్రచురితమైన డి.ఎన్.ఏ. పరిశోధన చూపినది. 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య వీటిని మొదటిసారిగా విడివిడిగా అంచనా వేసి, గడ్డిమైదానపు ఏనుగు ప్రమాదములో ఉన్నదని, అడవి ఏనుగు తీవ్ర ప్రమాదములో ఉన్నదని ప్రకటించినది. రెండింటినీ కలిపి లెక్కించినంతకాలము అడవి ఏనుగు దుస్థితి ఆ లెక్కలలో మరుగున పడి ఉండినది.