బీడీ తాగితే వచ్చే చురుకు ఎక్కడిది?

"ఒక్క బీడీ తాగితేగాని మా ఆయన మంచం దిగరమ్మా" అని వార్డులో చాలామంది అంటుంటారు. మీరు చూసేది నిజమే. అయితే అది బలం కాదు.

పొగ పీల్చిన 10–20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి, డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను రెచ్చగొడుతుంది. మన కదలికకు, హుషారుకు డోపమైన్ చాలా అవసరం. పార్కిన్సన్ జబ్బులో కాళ్లూ చేతులూ బిగుసుకుపోయేది ఇది తగ్గడం వల్లనే. నికోటిన్ ఇచ్చిన ఎలుకలు ఎక్కువగా తిరుగుతాయి. మెదడులో ఆ డోపమైన్ కణాలను దెబ్బతీశాక అదే నికోటిన్ ఇస్తే ఆ చురుకు రాలేదని 1988లో పరిశోధకులు చూపించారు.

రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటల్లో సగానికి తగ్గుతుంది. అలవాటుపడిన మెదడులో అప్పుడు డోపమైన్ కూడా తగ్గుతుంది. అందుకే నీరసం, విసుగు, కాలుగాలిన పిల్లిలా తిరగడం. పాపం, ఆయన మొండితనం కాదది. మానేసిన మొదటి వారమే కష్టం. సాధారణంగా 2–4 వారాల్లో సర్దుకుంటుంది.

కాబట్టి దయచేసి బీడీకట్ట దాచి తేకండి. ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర నిప్పు మరీ ప్రమాదం. ఆయన తట్టుకోలేకపోతే డ్యూటీ సిస్టర్‌కు చెప్పండి. డాక్టరుగారు అవసరమనుకుంటే నికోటిన్ చూయింగ్ గమ్ రాసిస్తారు.