మూత్రపిండములో వాయువు

తొలకరి వాన వెలిసిన మరునాడు జొన్నగిరి చేలలో వజ్రములకై వెదకువారిని మీరెల్లరు నెఱుగుదురు. వాన కడిగి పైకి దెచ్చినదే వారి కంటబడును, నేలలోపలిది కానరాదు. నడుములోని మూత్రపిండముల సంగతియు నట్టిదే.

మధుమేహము గలవారికి, అందును స్త్రీలకు, అరుదుగా నొక ఘోరవ్యాధి సంభవించును. మూత్రమార్గమున జొచ్చిన సూక్ష్మజీవులు దేహములోని చక్కెరను పులియబెట్టగా, కల్లుకుండలో పొంగు పుట్టినట్లు మూత్రపిండములో వాయువు పుట్టి దాని కండను చెఱచును. 1898లో అమెరికాలో కెల్లీ, మెక్కల్లం అను వైద్యులు దీనిని మొదట ప్రకటించిరి. చలిజ్వరము, వాంతులు, ప్రక్కనొప్పి దీని లక్షణములు. సామాన్యమైన మూత్రపిండపు వాపునకును ఇవియే గదా! ధ్వనితరంగములతో తీయు స్కానింగులో సయితము ఈ వాయువు ఒక్కొక్కప్పుడు రాయివలెనో, ప్రేగులలోని గాలివలెనో భ్రమింపజేయును.

ఆ భ్రమను సి.టి. యంత్రము తొలగించును. 1971లో లండనులో హౌన్స్‌ఫీల్డు కనిపెట్టిన యీ యంత్రముతో తొలిసారి రోగిని పరీక్షించిరి. ఎక్సురే కిరణములు దేహముచుట్టు తిరిగి, దోసకాయను చక్రములుగా తరిగినట్లు, లోపలి పొరలను వేఱువేఱుగా జూపును. దాని లెక్కలో నీటికి సున్న; గాలికి సున్నకు వేయి తక్కువ. కావున ఎముక తెల్లగను, గాలి కటికనలుపుగను కనబడును. మూత్రపిండపు కండలో నా నలుపు ఎంతమేర వ్యాపించెనో చూచి, మందులు చాలునా, గొట్టముతో చీము తీయవలెనా, మూత్రపిండమునే తొలగింపవలెనా యని వైద్యులు నిశ్చయింతురు.

ఇట్టి జ్వరము వచ్చినపుడు వేడిచేసినదనుకొని బార్లీనీరు త్రాగించి రెండు దినములు గడపుట మన యిండ్లలో పరిపాటి. మధుమేహము గలవారి కా రెండు దినములే ప్రాణాంతకములు. ఆ రాత్రియే ఆదోనికో కర్నూలునకో బయలుదేరుడు. చక్కెరజబ్బు సంగతి డాక్టరుతో ముందుగా చెప్పుడు.