తెరమీది పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు

బ్యాంకు కౌంటరు వద్ద జరిగే అనేక లావాదేవీలు నేడు మొబైల్ ఫోన్ తెరమీదికి వచ్చాయి. అరచేతి పాటి తెరలో రుణ వివరాలన్నీ ఇమడాలంటే అక్షరాలన్నిటినీ ఒకే పరిమాణంలో చూపడం సాధ్యం కాదు. అందువల్ల యాప్ రూపొందించేవారు తమకు ముఖ్యమని తోచినదానిని పెద్దగా, తక్కినదానిని చిన్నగా చూపుతారు. రుణగ్రహీతకు ముఖ్యమైనది చిన్న అక్షరాలలో ఉండవచ్చు.

పరిమాణం ఎలా నిర్ణయమవుతుంది?

ఆండ్రాయిడ్ ఫోన్లలో అక్షరాల పరిమాణానికి 'ఎస్‌పి' అనే కొలత ఉన్నది. ఒకే వరుసలో కొన్ని అక్షరాలను 14 ఎస్‌పిలోను, మరికొన్నిటిని 28 ఎస్‌పిలోను చూపవచ్చు. ఫోన్ సెట్టింగులలో, డిస్‌ప్లే విభాగంలో అక్షర పరిమాణాన్ని పెంచితే ఈ కొలతలో ఉన్నవన్నీ పెరుగుతాయి. 2023లో వెలువడిన ఆండ్రాయిడ్ 14లో 200 శాతం వరకు పెంచుకొనే వీలు కల్పించారు. స్థిరమైన కొలతలో రాసిన అక్షరాలు మాత్రం పెరగవు.

తెలుగు లిపికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి గనుక వరుసకు ఎక్కువ ఎత్తు కావాలి. ఇంగ్లీషుకు సరిపోయే గడిలో తెలుగును ఇరికిస్తే వత్తులు తెగిపోతాయి. సొంతంగా యాప్ చేయించుకొనే డీలర్లు అక్షరాలను గరిష్ఠంగా పెంచి, బాకీ మొత్తం, గడువు తేదీ పూర్తిగా కనబడుతున్నవో లేదో పరీక్షించుకోవాలి.

చిన్న అక్షరాల విలువ

ఒక ఉదాహరణ చూద్దాం. తెరమీద '10,000 రూపాయల రుణం, వడ్డీ 1 శాతం' అని పెద్దగా ఉన్నది. కింద చిన్నగా 'నెలకు', 'ఖర్చులు 500 రూపాయలు ముందుగా మినహాయింపు' అని ఉన్నవి. చేతికి వచ్చేది 9,500 రూపాయలు. ఏడాది చివర ఒకేసారి చెల్లించవలసినది 11,200 రూపాయలు. అనగా వాస్తవ భారం ఏడాదికి సుమారు 17.9 శాతం.

ఈ భారాన్ని స్పష్టపరచడానికే రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుండి మంజూరయ్యే కొత్త రిటైల్, ఎం.ఎస్.ఎం.ఇ. టర్మ్ రుణాలకు 'ముఖ్య వాస్తవాల పత్రం' తప్పనిసరి చేసింది. అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఖర్చులతో కూడిన వార్షిక శాతం రేటు అందులో చూపాలి. అందులో పేర్కొనని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయరాదు.

రుణగ్రహీతలకు సూచనలు

'అంగీకరిస్తున్నాను' అనే బటన్ నొక్కే ముందు అక్షరాలను పెంచి, తెరను చివరి వరకు జరిపి చదవండి. అప్పటికీ కనబడకపోతే ముఖ్య వాస్తవాల పత్రాన్ని అడిగి తీసుకోండి. చదివి చెప్పమని ఇతరుల చేతికి ఫోన్ ఇవ్వవలసి వచ్చినా, పిన్ నంబరు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.