సముద్రం గుట్టు ఆల్చిప్పకి తెలుసు!

రాయికి అతుక్కున్న ఓ నల్లటి చిప్ప. కదలదు, మెదలదు. కానీ తీరంలోని నీళ్లలో సీసం, కాడ్మియం, పాదరసం లాంటివి కలుస్తున్నాయా అన్నది తేల్చడానికి శాస్త్రవేత్తలు దాన్నే వెతుక్కుంటూ వెళ్తారు!

నీళ్లనే సీసాలో పట్టి పరీక్షిస్తే సరిపోదా? అక్కడే ఉంది చిక్కు. ఫ్యాక్టరీ రాత్రి వ్యర్థాలు వదిలిందనుకోండి, పొద్దున్న మనం వెళ్లేసరికి అలలు వాటిని ఎటో తీసుకెళ్లిపోతాయి. మస్సెల్ అనే ఈ ఆల్చిప్ప మాత్రం ఎక్కడికీ పోదు. తిండి కోసం గంటకు లీటరుకు పైగా నీటిని వడకడుతుంది. అందులోని లోహాలు కొద్దికొద్దిగా దాని ఒంట్లో పేరుకుంటాయి. నీటి శాంపిల్ ఒక్క ఫొటో అయితే, ఆల్చిప్ప కొన్ని నెలల సీసీటీవీ ఫుటేజీ అన్నమాట.

అందుకే, వీటితో తీరాలకు కాపలా పెడదామని 1975లో ప్రతిపాదించాడు అమెరికా సముద్ర రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్. పేరు ‘మస్సెల్ వాచ్’. 1986లో అక్కడి ప్రభుత్వ సంస్థ నోవా దాన్ని దేశమంతటా మొదలుపెట్టింది. ఒకే చోటి చిప్పల మాంసాన్ని ఏళ్ల తరబడి ల్యాబ్‌లో పరీక్షిస్తే, కాలుష్యం పెరిగిందా, తగ్గిందా తెలిసిపోతుంది.

ఇది మన ప్లేటు దాకా వచ్చే సంగతే. ఎంత ఉడికించినా క్రిములు చస్తాయి కానీ లోహాలు పోవు. జపాన్‌లోని మినమాటలో ఓ రసాయన ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపలు, గుల్లల ద్వారా జనం ఒంట్లోకి చేరింది. 1956లో ఆ జబ్బు బయటపడేసరికే ఎందరికో నరాలు దెబ్బతిన్నాయి. అక్కడ ఆ విషం సంగతి మనుషుల ఒళ్లే చెప్పాల్సొచ్చింది. ఆ మాటేదో ముందుగా ఆల్చిప్పతో చెప్పించడమే ఈ పరీక్షల పని.