జుట్టు నాటించుకొన్న తరువాత

కె.సి. కాలువ క్రింద వరి పండించు ఊళ్ళలో పెరిగిన శ్రోతలకు ఒక దృశ్యము బాగుగా తెలియును. నారుమడిలో నవనవలాడిన నారు, పీకి నాటిన మరునాటి నుండి వాడి, పసుపు వన్నె దిరిగి, చచ్చినదానివలె తల వాల్చును. సేద్యమునకు క్రొత్తవాడు దిగులుపడును. పెద్దరైతు మాత్రము గట్టుపై నిలిచి, "మూన తిరగనీ" అని ఊరకుండును. వేరు మట్టిని పట్టువరకు పైరు పచ్చబడదని ఆయన ఎరుగును.

ఈ మాట ఇప్పుడెందుకనగా, కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప ప్రాంతముల యువకులు పలువురు హైదరాబాదునకో బెంగుళూరునకో పోయి తలపై జుట్టు నాటించుకొని వచ్చుచున్నారు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అను మాట పల్లెలలో కూడ వాడుకకు వచ్చినది. ఆ శస్త్రచికిత్సను గూర్చి ప్రకటనలు కావలసినన్ని కలవు. అది ముగిసి ఇల్లు చేరిన తరువాత ఏమి జరుగునో విప్పి చెప్పువారు మాత్రము తక్కువ. కోత ఒక పగటి పని. జుట్టు ఒక ఏడాది పని. ఆ ఏడాది వైద్యుని బల్లమీద గాక మన ఇంటిలోనే గడచును. బట్టతలకు ఒక రేడియో ప్రసంగమా యని నవ్వువారు ఉందురు. మా మేనల్లుని సంగతి చూచువరకు మేమును నవ్వినవారమే.

మొదట విషయము కొంత. మగవారి బట్టతలలో నుదుటిమీది కుదుళ్ళు, నడినెత్తి కుదుళ్ళు డైహైడ్రోటెస్టోస్టిరాన్ అను హార్మోనునకు లొంగి క్రమముగా సన్నగిల్లును. తల వెనుకభాగపు కుదుళ్ళు దానికి అంతగా లొంగవు. వెనుకనుండి తీసి ముందు నాటినను ఆ కుదురు తన పుట్టినచోటి గుణమునే నిలుపుకొనునని న్యూయార్కు వైద్యుడు నార్మన్ ఒరెంట్రైక్ 1950 దశకములో నిరూపించి, 1959లో ప్రకటించెను. అంతకు ముందే, 1939లో, జపానులో ఒకుడా అను వైద్యుడు కుదుళ్ళను మార్చి నాటిన పద్ధతిని వ్రాసియుండెను గాని యుద్ధకాలములో అది లోకమున కెక్కలేదు. నేడు ఒకటి మొదలు నాలుగు వెండ్రుకలు గల కుదుళ్ళను విడివిడిగా తీసి నాటుదురు. వీనినే గ్రాఫ్టులందురు. ఒక్కొక్క కుదురును సూక్ష్మమైన గొట్టపు కత్తితో తీయుట ఎఫ్.యు.ఇ. పద్ధతి, తల వెనుక ఒక చర్మపు పట్టీని కోసి, దానినుండి కుదుళ్ళను వేరుచేయుట ఎఫ్.యు.టి. పద్ధతి. రెండవదానిలో కుట్లుండును, వానిని సాధారణముగా పది, పదునాలుగు దినములకు విప్పుదురు.

మా మేనల్లుడు చికిత్స ముగిసిన రాత్రియే బస్సెక్కి ఇంటికి బయలుదేరెను. ఇది మొదటి పొరపాటు. నాటిన కుదురు మొదటి దినములలో గడ్డకట్టిన రక్తపు పట్టుతోనే నిలిచియుండును. సీటు అంచు తగిలినను, కునికిపాటులో కిటికీకి తల ఒరిగినను ఊడివచ్చును. 2006లో అమెరికా వైద్యులు బెర్న్‌స్టీన్, రాస్‌మన్ ఈ విషయమును పరీక్షించి చూచిరి. మొదటి రెండు దినములు వెండ్రుకను లాగిన కుదురు తప్పక ఊడివచ్చెను. అయిదవ దినము వరకు, అంటుకొనియున్న పెచ్చును పెరికిన దానితోపాటు కుదురును పోయెను. తొమ్మిది దినములు గడచిన పిమ్మట ఆ భయము లేకపోయెను. కనుక పది దినములు అను లెక్క వైద్యుని చాదస్తము కాదు. వీలైనవారు చికిత్స జరిగిన ఊరిలోనే ఒకటి రెండు రాత్రులు నిలిచి, మొదటి శుభ్రత అక్కడనే చేయించుకొని రావలెను.

రెండవనాడో మూడవనాడో నుదురు ఉబ్బును. కొందరికి కనురెప్పలు మూసికొనిపోవును. ఇది చూచి ఇంటివారు బెదరుదురు. చికిత్సవేళ తలచర్మములోనికి ఎక్కించిన ద్రవము క్రిందికి దిగుటయే దీనికి కారణము. కొద్దిదినములలో అదియే తగ్గును. రెండు మూడు దిండ్లు వేసికొని, తల ఎత్తుగా ఉంచి, వెల్లకిల పరుండుట మేలు. నుదుటిపై చల్లని గుడ్డ వేయవచ్చును. నాటినచోట మంచుగడ్డ పెట్టరాదు.

ఇక నీళ్ళ సంగతి. మన సీమలో పెక్కు ఊళ్ళ బోరునీరు ఉప్పన. మొదటి వారము కాచి చల్లార్చిన మంచినీరో, వైద్యుడిచ్చిన సెలైనో వాడుట మంచిది. తల ఎప్పుడు కడుగవలెనో చికిత్స చేసినవారే చెప్పుదురు. సాధారణముగా అది రెండవ, మూడవ దినము. పసిపిల్లల షాంపూను నీటిలో కలిపి, నురుగును మాత్రము తలపై మెల్లగా ఉంచి, చెంబుతో సన్నని ధారగా పోయవలెను. కుళాయిధార, షవరు పనికిరావు. తుండుతో తుడువరాదు, ఆరనీయవలెను. వారము దాటిన తరువాత వైద్యుని అనుమతితో పెచ్చులను నానబెట్టి వ్రేలి కొనలతో నెమ్మదిగా కదిపిన అవి రాలును. భయపడి రెండు మూడు వారములు వానిని అట్లే ఉంచుటయు మంచిది కాదు. దురద పుట్టును, గోరు తగులరాదు. నిద్రలో చేయి పోవునను భయమున్నవారు మెత్తని చేతితొడుగు వేసికొందురు.

మా మేనల్లుని జేజి తొంబదేండ్లకు చేరువైన మనిషి. మనుమని తలపై ఎఱ్ఱని చుక్కలు చూచి ఆమె పసుపు, ఆముదము కలిపి గిన్నెతో వచ్చినది. "పుండ్లు మానాలంటే ఇదే మందబ్బీ, కూచో" అని ఆమె ఆజ్ఞ. ప్రేమతో తెచ్చిన గిన్నెను త్రోసివేయుట సులభము కాదు. అయినను పచ్చిగాయముపై పసుపు గాని, ఆముదము గాని, కొబ్బరినూనె గాని పూయరాదు. నూనెకు, కుంకుడురసమునకు కనీసము నెల యాగవలెను. కుంకుడు పిప్పి ముక్కలు పెచ్చులలో చిక్కుకొనును. వంకాయ, గోంగూర మానుమను పథ్యములతో పని లేదు. కందిపప్పు, గ్రుడ్డు, వేరుశనగ, రాగిసంగటి, అన్నియు తినవచ్చును. మానవలసినది బీడీ, సిగరెట్టు. పొగాకు రక్తనాళములను కుంచింపజేసి, క్రొత్తచోట వేరూనుచున్న కుదుళ్ళకు రక్తమును తగ్గించును. మద్యము కూడ కొన్నాళ్ళు వలదు. మధుమేహము కలవారు, రక్తము పలుచబరచు మాత్రలు వాడువారు ఆ మాటను చికిత్సకు ముందే చెప్పవలెను.

ఎండ మన ప్రాంతమున ప్రత్యేకముగా తలపవలసిన శత్రువు. కర్నూలులో వేసవి వేడి నలుబది డిగ్రీలు దాటుట సామాన్యము. మానుచున్న చర్మము ఎండకు మాడి మచ్చపడును. చెమట, ధూళి చేరి చీముపొక్కులు లేచును. బేతంచెర్ల ప్రాంతపు నాపరాతి గనులలో పనిచేయువారు రెండు మూడు వారములైన సెలవు దొరకనిదే ఈ పనికి దిగరాదని మా అభిప్రాయము. మాకు వేళ ఎంచుకొను వీలున్న కార్తీకము మొదలు మాఘము వరకు గల నెలలనే ఎంచుకొందుము. బిగుతు రుమాలు, తలపాగా మొదటి దినములలో కూడవు. హెల్మెట్టు విషయములో తొందర వలదు. ఆ పది పదునైదు దినములు మోటారుసైకిలునే మానుట తెలివి, హెల్మెట్టు మానుట కాదు.

ఇంతవరకు చేతుల జాగ్రత్త. దీని తరువాతిది మనసునకు పరీక్ష. ఆరవ వారమున మా మేనల్లుడు ఫోను చేసి, "మామా, అంతా రాలిపోతాంది. దుడ్డంతా నీళ్లపాలాయ" అని గొంతు పూడిపోగా చెప్పెను. రెండు సంబంధములు జుట్టు కారణముగానే తప్పిపోయినవని అతని నమ్మకము. అందుకే అప్పుచేసి ఈ పనికి దిగెను. అప్పటికే ఎవరో, మరల నాటింపవలెనని చెప్పి, బయానా అడిగియుండిరి.

నిజమేమనగా, నాటిన వెండ్రుకలు రెండవ వారము మొదలు రెండవ నెల వరకు చాలభాగము రాలిపోవును. స్థలము మారిన అదటునకు కుదురు విశ్రాంతిదశకు పోయి, పైనున్న వెండ్రుకను వదలివేయును. కుదురు చర్మము క్రింద నాలుగైదు మిల్లీమీటర్ల లోతున బ్రదికియే యుండును. ప్రక్కనున్న పాత జుట్టు కూడ కొంత రాలవచ్చును. మూడు నాలుగు నెలలకు సన్నని నూగువెండ్రుకలు లేచును. అప్పుడే చిన్న పొక్కులు కూడ కనబడవచ్చును. ఎక్కువైన వైద్యునికి చూపవలెను. ఆరు నుండి తొమ్మిది నెలలకు మార్పు తెలియును. పూర్తి ఫలితమునకు పండ్రెండు మొదలు పదునెనిమిది నెలలు పట్టును. ఈ నడిమి నెలలలో అద్దము చూచి మరల డబ్బు కట్టినవాడు మోసపోయినట్లే. మా మేనల్లుని మేము బ్రతిమాలి ఆపితిమి; ఉగాదికి అతని నుదుటిపై నూగు కనబడినది.

నాటిన జుట్టు నిలిచినను మిగిలిన పాత జుట్టు తన దారిన తాను పలుచబడుచునే యుండును. అందుకై మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ వంటి మందులు వ్రాయుదురు. రెండవది కొందరి దాంపత్యశక్తిపై ప్రభావము చూపును. వైద్యునితో దాపరికము లేక మాటలాడి వాడవలెను. విరిగిన ఆ మాత్రలను గర్భిణులు తాకరాదు.

భయపడవలసినవి వేరు. రోజురోజునకు పెరుగు నొప్పి, జ్వరము, చీము, దుర్వాసన, నాటినచోట చర్మము నల్లబడుట, నొక్కిపట్టినను ఆగని రక్తము, ఊపిరాడకపోవుట: వీనిలో ఏది కనబడినను ఫోటో పంపి జవాబునకై కూర్చుండరాదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకో, కడపలో రిమ్స్ అని పేరుబడిన ఆసుపత్రికో, దగ్గరనున్న మరియొక పెద్ద వైద్యశాలకో వెంటనే పోవలెను. 2016లో చెన్నైలో, 2025లో కాన్పూరులో ఈ చికిత్స తరువాత ప్రాణములు పోయిన వార్తలు దేశమంతటను చదివిరి. ఈ పని చర్మవైద్యములోనో, ప్లాస్టిక్ సర్జరీలోనో శిక్షణ పొందిన వైద్యుడే చేయవలెనని, వీడియోలు చూచి నేర్చినది శిక్షణ కాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టముగా చెప్పినది. బయానా ఇచ్చుటకు ముందే, కత్తి పట్టువారెవరు, వారి పట్టా ఏమి, రాత్రివేళ ఆపద వచ్చిన ఎత్తు ఫోను ఎవరిదని అడుగుటకు మొగమాటపడరాదు.

కడపటి ప్రశ్న మన ఇండ్లలోనే పుట్టునది: తలనీలాల మ్రొక్కు. తిరుమలకో, అహోబిలమునకో మ్రొక్కుకొన్నవారు నాటించుకొన్న జుట్టును ఈయవచ్చునా? ఈయవచ్చును. మంగలికత్తి చర్మముపై నున్న వెండ్రుకనే తీయును. కుదురు లోపల నుండును. జుట్టు మరల వచ్చును. అయితే ఏడాది నిండి, వైద్యుడు సరేయన్న తరువాతనే. మ్రొక్కు ముందే ఉన్నచో, మ్రొక్కు తీర్చుకొని, జుట్టు పెరిగిన తరువాత చికిత్సకు పోవుట సులువు. పట్టీ కోసిన పద్ధతిలో తల వెనుక గీత మిగులును గనుక, గుండు చేయించుకొన్ననాడు అది నలుగురికి కనబడును; ఆ మాట చికిత్సకు ముందే తెలిసియుండవలెను. ఇక, చికిత్సయైన కొద్దిదినములకే ఇంట పెద్దదిక్కు పోయినచో కర్మనాడు క్షౌరము మాటేమని అడుగువారు కలరు. పచ్చిగాయముపై కత్తి పెట్టరాదు. పురోహితునికి, జ్ఞాతులకు విషయము దాచక చెప్పి, ఆ భాగము విడువుమని అడుగవలెను. సిగ్గుపడి తల వంచినవాని గాయముపైననే కత్తి పడును.