దుప్పి నెత్తుట కోవిడ్ జాడ

మాచర్ల నుండి మార్కాపురం దాకా నల్లమల అంచున ఒక ప్రక్క ప్రత్తి, మిరప చేలు, మరొక ప్రక్క అడవి. అడవిలోని దుప్పులు, కణుజులు నీటికి దిగే చెలమల దగ్గరకే ఊరి గొడ్లూ, కాపరులూ పోతారు. మనుష్యుల ఊపిరితిత్తులను పట్టే వైరస్ ఈ మృగాలకు అంటగలదా? అంటితే మనకెట్లా తెలుస్తుంది?

జంతువులకు కోవిడ్ సోకటం మనకు క్రొత్త కాదు. 2021 ఏప్రిల్‌లో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని సింహాల ముక్కు, గొంతులనుండి తీసిన స్రావాన్ని సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ కేంద్రం పరీక్షించి, ఎనిమిదింటికి ఆ వ్యాధి ఉన్నదని తేల్చినది. అవి కోలుకున్నవి. బోనులోని సింహానికి మత్తు ఇచ్చి స్రావం తీయవచ్చును. అడవిలో దుప్పికి సుస్తీ చేసిన రోజు కనిపెట్టి దాని ముక్కు తుడిచేదెవరు? అందుచేత రక్తాన్ని అడుగుతారు. వైరస్ కొద్దిరోజులలో పోయినా, దానిని ఎదిరించటానికి పుట్టిన ప్రతిరక్షకాలు రక్తంలో నెలల తరబడి నిలుస్తవి.

పరీక్ష ముచ్చటైనది. ఈ వైరస్ కణంలో దూరేటప్పుడు తన ముల్లువంటి ప్రోటీనుతో ఏస్-2 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. చిన్న గుంటలలో ఏస్-2ను అంటించి, రంగు పుట్టించే ఎంజైము తగిలించిన ముల్లు ముక్కను రక్తరసితో కలిపి అందులో పోస్తారు. ప్రతిరక్షకాలు ఉంటే ముల్లును కప్పివేస్తవి. అది ఏస్-2కు అంటదు, కడిగితే పోతుంది, రంగు తేలదు. రంగు రాకపోవటమే ఇక్కడ సాక్ష్యం! మనిషికైనా దుప్పికైనా పరీక్ష ఒక్కటే.

ఒక చిక్కు ఉన్నది. గొడ్లకు వేరొక కరోనా వైరస్ ఉన్నది, అది కణుజులకూ సోకగలదు. దానిని చూచి మోసపోకుండా, 2019కి ముందు దాచిన రక్తరసిని కూడా పరీక్షించాలి. అమెరికావారు తెల్లతోక లేళ్ళలో అదే చేశారు. పాత నమూనాలలో దాదాపు ఏమీ లేదు. 2021 జనవరి–మార్చి నెలలలో నాలుగు రాష్ట్రాలలో తీసిన 385లో 152 నమూనాలలో ప్రతిరక్షకాలు కనబడినవి, అనగా నూటికి 40. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రియాల తొలి పరీక్షలలో ఒక్క లేడిలోనూ లేవు. కనుక తెల్లతోక లేడి లెక్కను మన దుప్పికి అంటగట్టరాదు. కృష్ణజింక సంగతి మరీ వేరు. ఏటా రాలని కొమ్ములు గల అది లేడి కుటుంబానిదే కాదు, గొడ్డు, మేకల కుటుంబానిది.

దుప్పికి జబ్బు చేయకపోతే నష్టమేమని విద్యార్థి అడుగవచ్చును. 2020లో డెన్మార్కులో వైరస్ మనుష్యులనుండి పెంపకపు మింకులకు పోయి, మార్పులు చెంది, తిరిగి మనుష్యులకు వచ్చినది. కోటికి పైగా మింకులను చంపవలసివచ్చినది. మింకుల శాలకు గోడ ఉన్నది, అడవికి లేదు. అందుకే గాయపడిన దుప్పికి చికిత్స చేసే పశువైద్యుడు కాస్త రక్తం తీసి, రక్తరసిని వేరుచేసి, సీసాపై చోటూ తేదీ వ్రాసి గడ్డకట్టించి దాచటం మేలు.